మన సీమ మీద సంతకం చేసిన మేజరు

గుత్తి, పత్తికొండ పక్క పల్లెల్లో మన్రో దొర పేరు వినని పెద్దవాళ్లు అరుదు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనతో మాట్లాడాడని ఒక కథ. గండి ఆంజనేయస్వామి దగ్గర కొండల మధ్య బంగారు తోరణం ఆయన కంటికి కనబడిందని, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదని ఇంకో కథ. తిరుమల పోతే మన్రో గంగాళం. కడపలోనేమో బ్రౌన్ దొర. ఆయన బంగళా ఉండిన జాగాలోనే ఇప్పుడు గ్రంథాలయం నడుస్తోంది. ఈ ఇద్దరికీ మన ఊళ్లల్లో ఉద్యోగాలు దొరకడానికి కారణమైన మూడో దొర ఒకడున్నాడు. జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. ఆయన గురించి మన వైపు ఒక కథ కూడా వినబడదు.

హైదరాబాదులో ఆయన పేరు తెలుసు గానీ, ప్రేమకథలో హీరోగా తెలుసు. ఖైరున్నీసా బేగంను పెళ్లాడిన తెల్లదొర, కోఠీలో ఆ పెద్ద స్తంభాల భవనం కట్టించిన దొర అని చెప్తారు. ఆ కథ ఎంత ఫేమస్ అయిందంటే, ఆయన చేసిన ఉద్యోగం ఏమిటో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. 1800 అక్టోబర్ 12న నిజాంతో ఒప్పందం కుదిర్చి బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, ఇప్పటి కర్నూలు వైపున్న ఆదోని, కోయిలకుంట్ల లాంటి తాలూకాలను ఈస్టిండియా కంపెనీ ఖాతాలో వేసింది ఈయనే. దత్తమండలాలు అన్న పేరు మనకు అంటుకున్నది ఆ రోజు నుంచే. 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పేరు మార్చుకునేదాకా అదే పేరు.

ఈయన పుట్టుకతో దౌత్యవేత్త కాదు. పద్నాలుగేళ్లు కంపెనీ పటాలంలో పనిచేసిన సైనికాధికారి. ఒక మిలిటరీవాడు రాయబారి ఎట్లా అయ్యాడు, అయినవాడు చేసిన పనిలో మిలిటరీ పాలు ఎంత అన్నది అర్థమైతే, సీమ చేతులు మారిన సంగతి కూడా అర్థమవుతుంది. రెండూ ఒకే ముడి.

ఎవరి భూమి ఎవరు ఇచ్చారు

ముందు ఒక అపోహ తీసేయాలి. సీమ తరతరాలుగా నిజాందే, ఆయనే అప్పుల్లో మునిగి తెల్లవాళ్లకు ధారపోశాడు అనుకుంటారు చాలామంది. నిజాముల పెత్తనం చాలాకాలం పేరుకే. కడపలో మయానా నవాబులు, గుత్తిలో మురారిరావు, కర్నూలులో పఠాను నవాబులు, ఆదోనిలో నిజాం సోదరుడు బసాలత్ జంగ్, వీళ్లందరి సందుల్లో ఎక్కడికక్కడ పాలెగాళ్లు. 1776లో గుత్తి, 1779లో కడప మైసూరు హైదర్ అలీ చేతిలో పడ్డాయి. 1792లో టిప్పు ఓడి సగం రాజ్యం వదులుకున్నప్పుడు, కంపెనీకి తోడు నిలిచినందుకు నిజాం వాటాకు కడప, గండికోట, కంభం వచ్చాయి. 1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయాక జరిగిన పంపకంలో గుత్తి, గుర్రంకొండ వచ్చాయి. అంటే 1800 నాటికి కడప నిజాం చేతికొచ్చి ఎనిమిదేళ్లు, గుత్తి వచ్చి ఏడాది పైచిలుకు మాత్రమే. గట్టిగా ఒకటి రెండు పంటల శిస్తు కూడా వసూలు చేసుకోకముందే గుత్తి చెయ్యిదాటిపోయింది.

అప్పు సంగతి కూడా సగమే నిజం. పాత బాకీ కింద జప్తు చేసిన ఆస్తి కాదిది. ఇకముందు ఏటేటా కట్టాల్సిన సిపాయిల జీతాలకు బదులుగా, ఒకేసారి శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తి. ఊరి కావలివాడికి నెల జీతం బదులు మాన్యం రాసివ్వడం మనకు తెలిసిన పద్ధతే కదా, దాదాపు అదే. కాకపోతే ఈ కావలివాడు యజమాని కన్నా బలమైనవాడు.

పటాలం నుంచి దర్బారుకు

కిర్క్‌పాట్రిక్ 1764లో మద్రాసులో పుట్టాడు. తండ్రి కూడా కంపెనీ సైన్యంలో కర్నలే. కొడుకును చదువుకు ఇంగ్లండు పంపి, పదిహేనేళ్లు వచ్చేసరికి మళ్లీ మద్రాసు సైన్యంలో చేర్చారు. హైదర్ అలీ మద్రాసు దాకా దడ పుట్టిస్తున్న రోజులవి. ఆ పద్నాలుగేళ్ల కొలువులో ఆయన సాధించిన యుద్ధకీర్తి చెప్పుకోదగినదేం కాదు. ఆయనకు కలిసొచ్చింది కత్తి కాదు, అన్న.

అన్న విలియం కిర్క్‌పాట్రిక్ అదే తండ్రికి వేరే తల్లి బిడ్డ, పదేళ్లు పెద్ద. ఆయనా సైనికాధికారే, కానీ పారసీలో పండితుడు. సింధియా దర్బారులో రెసిడెంటుగా చేశాడు, 1793లో నేపాలుకు రాయబారిగా పోయొచ్చాడు, ఆ తర్వాత హైదరాబాదు రెసిడెంటు అయ్యాడు. తమ్ముణ్ణి పిలిపించుకొని తన కింద అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే పక్కా రికమండేషన్. 1797లో విలియం జబ్బుపడి సెలవు మీద వెళ్లిపోతే, తాత్కాలికంగా ఆ కుర్చీ జేమ్స్‌కు వచ్చింది. ఆ విలియమే ఆఫ్రికా కొస దగ్గర గుడ్‌హోప్ అగ్రంలో విశ్రాంతి తీసుకుంటుంటే, కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఇండియాకు వస్తూ దారిలో అక్కడ దిగాడు. నిజాం దగ్గర ఎంత సైన్యం ఉంది, అందులో ఫ్రెంచివాళ్లు ఎంతమంది, వాళ్లను ఎట్లా తీసేయించాలి అని ఆయన విలియంను గుచ్చిగుచ్చి అడిగాడు. హైదరాబాదు తలరాత సగం అక్కడ, సముద్రం అవతల, ఇద్దరు దొరల మాటల్లోనే రాయబడింది.

ఇంతకూ రెసిడెంటు అంటే ఏమిటి? పైకి కంపెనీ రాయబారి. రాజు దర్బారులో కూర్చొని, ఉత్తరాలు అటూ ఇటూ చేరవేసే మనిషి. ఆ కాలంలో ఈ ఉద్యోగాలు చేసినవాళ్ల పేర్లు చూడండి. పూనాలో కర్నల్ పామర్, ఆయన తర్వాత కర్నల్ బారీ క్లోజ్. లక్నోలో కర్నల్ స్కాట్. సింధియా దగ్గర కర్నల్ కాలిన్స్. పర్షియాకు పంపింది కెప్టెన్ మాల్కమ్‌ను. వరుసగా అందరూ మిలిటరీవాళ్లే.

దీనికి రెండు మూడు కారణాలు కనబడతాయి. కంపెనీ సివిల్ ఉద్యోగులు ఎక్కువమంది లెక్కలు రాసుకునే గుమాస్తా చదువుతో వచ్చినవాళ్లు. దండుతో ఊరూరా తిరిగిన అధికారికి హిందుస్తానీ, కొంత పారసీ పట్టుబడేవి. రాజులు, దివాన్లు గుర్రాల గురించి, ఫిరంగుల గురించి మాట్లాడితే ఆ మాట అర్థమయ్యేది. అన్నిటికంటే పెద్ద కారణం వేరే ఉంది. ఆనాడు కంపెనీ రాజులకు అమ్ముతున్న సరుకే సైన్యం. పటాలానికి ఎంతమంది, నెలకు ఎంత ఖర్చు, వానాకాలంలో ఎన్ని రోజుల్లో నది దాటగలదు, ఇవన్నీ తెలిసినవాడే ఆ బేరం చెయ్యగలడు. బేరం కుదిరాక ఆ సైన్యం ఎక్కడ విడిది చెయ్యాలి, ఎప్పుడు కదలాలి అన్న విషయంలో రెసిడెంటు మాటే నడిచేది. రాయబారి చేతిసంచీలోనే బెటాలియన్లు ఉన్నప్పుడు మిలిటరీ ఎక్కడ ఆగింది, దౌత్యం ఎక్కడ మొదలైంది అని గీత గీయడం కష్టం.

స్వతంత్రం వచ్చాక మన దేశమూ సైన్యాధిపతులను రాయబారులుగా పంపింది. కరియప్ప ఆస్ట్రేలియాకు, థాపర్ అఫ్గానిస్థాన్‌కు, వాయుసేన నుంచి అర్జన్ సింగ్ స్విట్జర్లాండుకు, మన హైదరాబాదీ ఇద్రిస్ హసన్ లతీఫ్ ఫ్రాన్సుకు. వాళ్లు యూనిఫారం విడిచి పోయారు. ఆ దేశాల నడిబొడ్డున వాళ్ల వెనక మన రెజిమెంట్లు దిగలేదు. కిర్క్‌పాట్రిక్‌ను వాళ్ల వరుసలో పెట్టి చూస్తే ఆయన పని అర్థం కాదు. 1798 ఒప్పందంలో ఆయన పేరు ముందు కెప్టెన్ అని ఉంటుంది, 1800 ఒప్పందంలో మేజర్ అని. రాయబారిగా ఉంటూనే సైన్యంలో మెట్లు ఎక్కాడు.

ఖర్డా దెబ్బ, ఫ్రెంచి పటాలం

నిజాం అలీ ఖాన్ ఇంగ్లీషువాళ్ల చేతిలోకి ఎందుకు పోయాడో తెలియాలంటే 1795 మార్చి దగ్గర మొదలుపెట్టాలి. ఖర్డా దగ్గర మరాఠాలు నిజాంను చిత్తుగా ఓడించారు. ఆయన దివాను అరస్తూ జాను పూనాకు బందీగా తీసుకుపోయారు. పక్కనే ఉన్న కంపెనీ ఇది మాకు సంబంధం లేని యుద్ధమని చేతులు ముడుచుకొని కూర్చుంది. మండిపోయిన నిజాం, ఫ్రెంచి సేనాని రేమండ్ చేతికింది పటాలాలను పెంచాడు. పదివేలకు పైగా కవాతు నేర్చిన సిపాయిలు, ఫిరంగులు. హైదరాబాదులో మూసారాంబాగ్ పేరు వెనక ఉన్నది ఈ రేమండే అని చెప్తారు. మూసా రహీం సాబ్ అని పిలుచుకునేవాళ్లట.

ఐరోపాలో నెపోలియన్ కాలం, ఇక్కడ టిప్పు ఫ్రాన్సుకు ఉత్తరాలు రాస్తున్న కాలం. వెల్లస్లీకి ఈ పటాలం కంట్లో నలుసు. 1798 మార్చిలో రేమండ్ చనిపోవడం కంపెనీకి కలిసొచ్చింది. పూనా నుంచి విడుదలై వచ్చిన అరస్తూ జాకు మరాఠాల భయం ఉంది, ఫ్రెంచివాళ్ల మీద అనుమానమూ ఉంది. ఆ భయాన్నీ అనుమానాన్నీ కలిపి కిర్క్‌పాట్రిక్ 1798 సెప్టెంబర్ 1న ఒప్పందం కుదిర్చాడు. ఆరు పటాలాల కంపెనీ సైన్యం నిజాం రాజ్యంలో ఉంటుంది, దానికి నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి, ఫ్రెంచి పటాలం రద్దు. ఫిరంగులు, మిగతా ఖర్చులు కలిపి ఒక్కో పటాలానికి ఏడాదికి దాదాపు 4 లక్షలు పడినట్టు. ఆ రోజుల్లో అది ఎంత సొమ్మో వేరే చెప్పనక్కర్లేదు.

కాగితం మీద సంతకం సులువు, పదివేలమంది తుపాకులు కింద పెట్టించడం సులువు కాదు. నిజాం, దివాను ఆఖరి నిమిషంలో వెనకాడారు. కిర్క్‌పాట్రిక్ ఒత్తిడి పెంచి ఉత్తర్వు తీయించాడు. జీతాల బాకీ మీద ఆ సిపాయిలే తమ ఫ్రెంచి అధికార్ల మీద తిరగబడ్డారు. ఆ గందరగోళంలో కంపెనీ సైన్యం వాళ్ల విడిదిని చుట్టుముట్టింది. అక్టోబర్ 22న, యుద్ధం లేకుండానే, మొత్తం పటాలం ఆయుధాలు వదిలేసింది. పద్నాలుగేళ్లు సైన్యంలో ఉన్నా గెలవని యుద్ధం ఆయన రాయబారిగా గెలిచాడు. కుర్చీ పర్మనెంట్ అయింది. మాల్కమ్ కూడా అప్పుడు అక్కడే అసిస్టెంటుగా ఉన్నాడు.

ఇక్కడ నిజాం వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. ఆయన తెలివితక్కువవాడేమీ కాదు. 1762 నుంచి గద్దె మీద ఉండి మరాఠాలను, మైసూరును, ఫ్రెంచివాళ్లను, ఇంగ్లీషువాళ్లను ఒకరి మీద ఒకరిని ప్రయోగించుకుంటూ నెట్టుకొచ్చినవాడు. రేమండ్ పటాలం పోయాక ఆ ఆట ఆడటానికి రెండో పావు లేకుండా పోయింది. 1799లో టిప్పు కూడా పోయాడు. ఇక మిగిలింది మరాఠాల భయం ఒక్కటే, ఆ భయానికి మందు కంపెనీ దగ్గరే ఉంది.

1800 ఒప్పందం లోపల

కొత్త ఒప్పందంలో పటాలాలు ఆరు నుంచి ఎనిమిది అయ్యాయి, అంటే 8,000 మంది కాల్బలం. గుర్రపు దళాలు రెండు, 1,000 మంది సవారులు. వీళ్ల ఖర్చుకు నగదు వద్దు, భూమి కావాలన్నది వెల్లస్లీ పట్టు. నగదు అయితే ఒక ఏడు వస్తుంది, కరువొస్తే ఆగుతుంది, దర్బారులో గాలి మారితే అసలే రాదు. భూమి చేతిలో ఉంటే ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకని 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి నిజాంకు వచ్చిన భూములన్నీ కంపెనీకి శాశ్వతంగా రాయించారు. తుంగభద్రకు ఉత్తరాన ఉన్న కొప్పళ లాంటి తాలూకాలు నిజాం దగ్గరే ఉంచి, వాటికి మారుగా నదికి దక్షిణాన ఉన్న ఆదోనిని తీసుకున్నారు. ఆదోని మైసూరు నుంచి వచ్చిన భూమి కాదు, నిజాం ఇంటి ఆస్తి. అయినా సరిహద్దు గీత నది మీదుగా శుభ్రంగా పోవాలి కాబట్టి అదీ పోయింది. ఇప్పటికీ ఎమ్మిగనూరు వైపు నుంచి మంత్రాలయం దాటి నది అవతలికి పోతే రాష్ట్రం మారిపోతుంది. ఆ గీతకు మొదలు అక్కడ.

ఈ ఒప్పందంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచే షరతు ఒకటుంది. ఈ భూముల మీద వచ్చే రాబడి ఒప్పందం పట్టీలో రాసినదానికంటే ఎక్కువైనా తక్కువైనా ఇరుపక్షాలూ ఒకరినొకరు ఏమీ అడగకూడదు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ దాని అర్థం ఏమిటంటే, రైతు దగ్గర ఎంత ఎక్కువ వసూలైతే అంత కంపెనీకి మిగులు. పటాలాల ఖర్చు పోను మిగిలిందానికి లెక్క చెప్పాల్సిన పని లేదు. మన్రో ఏడేళ్ల కలెక్టరీలో శిస్తు వసూలు దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. ఆ మన్రోనే వెళ్లిపోయే ముందు, 1807లో, ఈ శిస్తు భారం ఎక్కువ, నాలుగో వంతు తగ్గించండి అని సిఫారసు చేస్తే పైవాళ్లు ఒప్పుకోలేదు. ఆయన మద్రాసు గవర్నరుగా తిరిగొచ్చాక, 1820 తర్వాతగానీ అది అమలు కాలేదు. దొర మంచివాడా చెడ్డవాడా అని మనం ఎంత వాదించుకున్నా, ఎక్కువ గుంజితే లాభం వచ్చే ఏర్పాటు హైదరాబాదులో ముందే రాసిపెట్టి ఉంది.

కోస్తాతో పోల్చినప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఉత్తర సర్కారులను కూడా నిజాం దగ్గరి నుంచే తీసుకున్నారు, కానీ అవి 1766 ఒప్పందంతో పేష్కష్, అంటే ఏటేటా కప్పం, కట్టే షరతు మీద. కంపెనీ ఆ పేష్కష్ బాధ్యతను 1823లో 1,16,66,666 రూపాయలు ఒక్కసారిగా చెల్లించి తీర్చుకుంది. సర్కారులకు ధర కట్టారు, డబ్బు చేతులు మారింది. సీమకు అట్లాంటి చెల్లింపు లేదు, ఎందుకంటే సీమే చెల్లింపు. బెజవాడ, గుంటూరు చరిత్రనూ మన చరిత్రనూ ఒకే వాక్యంలో చుట్టేసే పుస్తకాలు ఈ తేడాను వదిలేస్తాయి.

ఇంకో షరతు చదువుతుంటే నవ్వొస్తుంది. సురపురం, గద్వాల సంస్థానాలవాళ్లు నిజాంకు కట్టాల్సింది కట్టకపోతే కంపెనీ సైన్యం పోయి వసూలు చేసిపెడుతుంది అని పేర్లతో సహా రాశారు. అంతర్జాతీయ ఒప్పందంలో గద్వాల బాకీ! దీనికి బదులుగా నిజాం, కంపెనీకి చెప్పకుండా ఏ రాజ్యంతోనూ ఉత్తరప్రత్యుత్తరాలు నడపకూడదు. రాజ్యం ఉంటుంది, దౌత్యం ఉండదు. కిర్క్‌పాట్రిక్ అనే దౌత్యవేత్త సాధించిన పెద్ద విజయం, ఎదుటివాడి దౌత్యాన్ని మూసేయడం.

రెండు ఇళ్ల మనిషి

మరి ఆ ప్రేమకథ? దాన్ని పూర్తిగా పక్కన పెట్టలేం, ఎందుకంటే తేదీలు కలిసిపోయి ఉన్నాయి. ఖైరున్నీసా, మీర్ ఆలం బంధువుల అమ్మాయి. మీర్ ఆలం అంటే దర్బారులో కంపెనీ వ్యవహారాలు చూసే పెద్దమనిషి, 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సైన్యాన్ని నడిపించినవాడు. సయ్యద్ల ఇంటి అమ్మాయికీ రెసిడెంటుకూ సంబంధం ఉందన్న పుకారు కలకత్తా దాకా పోయింది. ఒప్పందం మీద సంతకాలు 1800 అక్టోబర్‌లో జరిగితే, వాళ్లకు కొడుకు 1801 మార్చిలో పుట్టాడు. సీమ గురించి బేరం నడిచిన నెలల్లో ఆయన ఇంటి పరిస్థితి ఏమిటో లెక్క వేసుకోవచ్చు. 1801లో వెల్లస్లీ మాట మీద మద్రాసు గవర్నరు, ప్లాసీ క్లైవు కొడుకు, రహస్యంగా విచారణ జరిపించాడు. హైదరాబాదులో ఉండి వచ్చిన సైనికాధికారులను కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. ఎంత టెన్షన్ పడ్డాడో గానీ ఉద్యోగం మాత్రం ఊడలేదు. నిజాం దర్బారు నుంచి ఫిర్యాదు లేకపోవడం ఆయన్ను కాపాడింది.

ఆయన హైదరాబాదీ బట్టలు కట్టేవాడు, హుక్కా తాగేవాడు, హష్మత్ జంగ్ అన్న బిరుదుతో దర్బారుకు పోయేవాడు, నిజాంకు కొడుకులా మెలిగేవాడు. వెల్లస్లీ దురాశ శ్రుతి మించుతోందని తర్వాతి ఏళ్లలో అన్నకు రాసిన ఉత్తరాల్లో గుర్రుమన్నాడు. దీన్నిబట్టి కొందరు ఆయన్ను మనవాడిగా మారిన దొరగా చూస్తారు. నాకు అంత జాలి కలగదు. ఆయన హైదరాబాదును ప్రేమించి ఉండొచ్చు, మనుషుల్ని ప్రేమించి ఉండొచ్చు. తుంగభద్రకు ఇవతల ఉన్న ఊళ్లు మాత్రం ఆయనకు పట్టీలో అంకెలే. గుత్తిలో ఎవరున్నారు, సిద్ధవటంలో పంట ఎట్లుంది అన్నది ఆ బేరంలో ఎక్కడా రాలేదు.

ఆయన దౌత్యం ఎట్లుండేదో చెప్పే ముచ్చట ఒకటి మాల్కమ్ చెప్పిందే ఉంది. మూసీ ఒడ్డున రెసిడెన్సీ కట్టడానికి స్థలం కావాలని కిర్క్‌పాట్రిక్ ఒక పెద్ద కాగితం మీద ప్లాను గీయించి నిజాం ముందు పరిచాడట. నిజాం చూసి ససేమిరా అన్నాడట. ఎందుకు కాదన్నాడని దివానును అడిగితే, నీ స్థలం పటం మా రాజ్యం పటమంత ఉంది, ఎవరైనా ఇస్తారా అన్నాడట. మర్నాడు అదే ప్లానును చిన్న కార్డు ముక్క మీద గీయించి పట్టుకుపోతే వెంటనే మంజూరైందట. నిజాంను అమాయకుడిగా చూపించడానికి తెల్లవాళ్లు చెప్పుకున్న జోకు ఇది, అందులో ఎంత కల్పనో ఎవరికెరుక. కానీ అది చెప్పుకున్న తీరు చూస్తే ఒకటి తెలుస్తుంది. కాగితం మీద భూమిని పెద్దదిగా, చిన్నదిగా చూపించగలగడం ఆ ఉద్యోగంలో పనితనంగానే లెక్క. ఆ భవనాన్ని మద్రాసు సైన్యం ఇంజనీరు శామ్యూల్ రసెల్ కట్టాడు. ఖర్చు నిజాందే. పర్దాలో ఉండే ఖైరున్నీసా ముందువైపుకు వచ్చి చూసే వీలు లేదు కాబట్టి, అచ్చం అలాంటి చిన్న నమూనా భవనాన్ని జనానా తోటలో కట్టించారని చెప్తారు.

సంతకం తర్వాత

హైదరాబాదులో సిరా ఆరేసరికి ఇక్కడ మేజర్ జనరల్ డుగాల్డ్ క్యాంబెల్ సైన్యంతో దిగాడు. వెనకే నవంబర్‌లో మన్రో వచ్చాడు. అనంతపురం కేంద్రంగా గుడారాల్లో తిరుగుతూ పనిచేశాడు. ఆయన కూడా 1780లో సిపాయి పటాలం క్యాడెట్‌గా వచ్చినవాడే, ఇప్పటి తమిళనాడులోని బారామహల్‌లో శిస్తు పని నేర్చుకున్నాడు. ఒప్పందం కుదిర్చింది ఒక మేజరు, స్వాధీనం చేసుకుంది ఒక జనరల్, కలెక్టరీ చేసింది ఇంకో మేజరు. మన్రో లెక్క ప్రకారం సీమలో 80 మంది పాలెగాళ్లు, వాళ్ల దగ్గర 30,000 మంది సాయుధులు. నిజాం ఇచ్చిన కాగితం వాళ్లెవరికీ చూపించలేదు, వాళ్లను అడిగిందీ లేదు. కొందరిని కోటలు కూలగొట్టి తరిమేశారు, కొందరికి తవర్జీ పేరుతో పింఛను ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ తవర్జీల తగాదా అర్ధశతాబ్దం దాకా నడిచింది. 1846లో కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు మూలాలు అందులోనే ఉన్నాయి.

కర్నూలు పట్నం సంగతి వేరు. అక్కడి నవాబు అప్పుడే పోలేదు. ఆయన నిజాంకు కట్టే పేష్కష్ మాత్రం కంపెనీకి కట్టాల్సి వచ్చింది. కట్టుకుంటూ 39 ఏళ్లు నడిపారు. 1839లో గులాం రసూల్ ఖాన్ కోటలో ఆయుధాలు పోగేశాడన్న ఆరోపణ మీద సైన్యం వచ్చి పట్టుకొని తిరుచ్చికి పంపేసింది. దత్తమండలాల్లో కర్నూలు మొదటి నుంచీ ఉందని రాసేవాళ్లు ఈ 39 ఏళ్లను మరిచిపోతారు. అనంతపురం జిల్లా అయితే ఇంకా తర్వాతి మాట, 1882లో బళ్లారిని చీల్చి చేశారు.

కిర్క్‌పాట్రిక్ వీటిలో ఏదీ చూడలేదు. 1803లో నిజాం అలీ పోయాడు, 1804లో అరస్తూ జా పోయాడు, ఆ దివానుగిరీ మీర్ ఆలంకు దక్కింది. 1805లో కొడుకునూ కూతురునూ చదువుకని ఇంగ్లండు ఓడ ఎక్కించారు. ఓడకు ముందు మద్రాసులో చిత్రకారుడు జార్జ్ చినరీ వాళ్లిద్దరి బొమ్మ గీశాడు, హైదరాబాదీ జరీ బట్టల్లో, మెట్ల మీద నిలబెట్టి. కొత్త గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్‌ను కలవడానికి కిర్క్‌పాట్రిక్ కలకత్తా పోయాడు. ఈయన కలవకముందే అక్టోబర్ 5న కార్న్‌వాలిస్ ఘాజీపూర్‌లో చనిపోయాడు. అక్టోబర్ 15న, కలకత్తాలో, 41 ఏళ్ల వయసులో కిర్క్‌పాట్రిక్ కూడా జబ్బుతో పోయాడు.

ఆయన వదిలిపోయిన కుర్చీ మాత్రం అదే పని చేస్తూ పోయింది. 1853లో నిజాం దగ్గర ఇంకో రకం దళం, కాంటింజెంటు అనేది, దాని ఖర్చు బాకీ పడిందని చెప్పి బేరారును కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. ఆ ఒప్పందం కుదిర్చిన రెసిడెంటు పేరు జాన్ లో. ఆయన కూడా కర్నలే.